రంగుపూత రక్షణ కాదు

ఆవిరి యింజనులకు గల గౌరవము డీజిలు ఇంజనులకు తగదనియు, అవి పొగ గ్రక్కు ఇనుపపెట్టెలే గాని చరిత్రావశేషములు కావనియు, ముందు తరములవారి నిమిత్తము ఒకటి రెండింటిని నిలుపవలసివచ్చినను చక్కగా రంగు పూసి స్టేషను ముంగిటనో ప్రదర్శనశాల ఆవరణమునందో దిమ్మెపై నిలిపిన చాలుననియు, వాని యంత్రమును సజీవముగా నుంచుటకై వెచ్చించు ప్రతి రూపాయియు వృథావ్యయమేననియు ఒక యభిప్రాయము నేడు విద్యావంతులలోను, రైలు వ్యవహారములు తెలిసినవారిలోను సమానముగా ప్రబలియున్నది. ఒక వైపు డీజిలు లోకో షెడ్డును, మరియొక వైపు జవహర్ ఆటోనగరును గల బెజవాడ నగరమున సైతము ఈ మాటయే వినవచ్చుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది. యంత్రములను విప్పి, కడిగి, అరిగిన భాగమును క్రొత్తగా పోసి, మరల బిగించి బ్రతికించుటయే వృత్తిగా వేలకొలది కుటుంబములు జీవించుచున్న చోట, యంత్రమునకు రంగు పూయుటయే రక్షణమని పలుకుట ఆ వృత్తిని అవమానించుటయే యగును. ఈ యభిప్రాయము చరిత్ర దృష్టిచేతను, యంత్రశాస్త్ర దృష్టిచేతను, వ్యయ దృష్టిచేతను గూడ నిలువజాలదని నిరూపించుటకే నేనీ వ్యాసమునకు పూనుకొంటిని.

డీజిలు ఇంజనునకు చరిత్ర లేదను మాటను మొదట పరిశీలింతము. 1957 మొదలు 1959 వరకు అమెరికా నుండి నూరు డబ్ల్యూడీఎం-1 ఇంజనులు ఈ దేశమున దిగినవి. న్యూయార్కు రాష్ట్రమందలి షెనెక్టడీ పట్టణమున ఆల్కో సంస్థ నిర్మించిన డబ్ల్యూడీఎం-2 ఇంజను 1962లో వచ్చినది. 1964 జనవరిలో, వారణాసి యందలి డీజిలు లోకోమోటివ్ వర్క్స్ నుండి ఆ జాతి యింజను మొదటి సారిగా మనవారి చేతులమీదుగా వెలువడినది. 1969లో షెనెక్టడీ కర్మాగారము మూతపడగా, జన్మస్థానమున నిర్మాణము నిలిచిపోయిన పిమ్మట దాదాపు ముప్పది యేండ్లు, అనగా 1998 వరకు, వారణాసివారు దానిని నిర్మించుచునే యుండిరి. మొత్తము రెండున్నర వేలకు మించి నిర్మించిరి. పదునారు సిలిండరులు, 2,600 అశ్వశక్తి, 112.8 టన్నుల బరువు, గంటకు 120 కిలోమీటర్ల వేగము గల యా యంత్రము కాలక్రమమున మన షెడ్లలో ఎన్ని మార్పులు పొందినదో లెక్కకు రాదు. వ్యాక్యూము బ్రేకు పోయి గాలిబ్రేకు వచ్చినది. అశ్వశక్తి 3,100కు పెరిగి డబ్ల్యూడీఎం-3ఏ యైనది. ఎండకు, దుమ్ముకు, వానకు, మన పట్టాల తీరునకు అనుగుణముగా అడుగడుగునను అది మారినది. పుట్టుక చేత అమెరికాదైనను జీవితము చేత అది భారతీయ యంత్రము. ఇంతటి కథ గలదానిని చరిత్రలేనిదని యెట్లనగలము?

తెలుగు నేలపై దాని పాత్ర యేమని యడుగువారికి బెజవాడ స్టేషనే సమాధానము. మదరాసు-ఢిల్లీ మార్గమంతయు విద్యుదీకరణము పొందుట 1991 నాటి మాట. బెజవాడకును విశాఖపట్టణమునకును నడుమ తీగలు పూర్తిగా పడుట 1990ల చివరి మాట. 1976లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్సును, 1977లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సును ప్రవేశపెట్టినప్పుడు, ఆ దూరప్రయాణములకు బలమిచ్చినవి డీజిలు ఇంజనులే. ఇక కృష్ణా, గోదావరి డెల్టాలలో గుడివాడ, మచిలీపట్నము, భీమవరము, నరసాపురము శాఖలపై ఇటీవలి కాలము వరకు తీగయే లేదు. ధాన్యపు వ్యాగనులను, కళాశాలలకు పోవు పిల్లలతో నిండిన ప్యాసింజరు బండ్లను, పెండ్లివారిని, పుష్కర యాత్రికులను, పంట చేతికి రాక పట్టణమునకు వలసపోవు కూలివారిని కాలువగట్ల వెంట లాగినది డీజిలింజనే. ఆవిరి యుగమును స్మరించుకొని కన్నులు చెమర్చుకొనువారిని నేను తప్పుపట్టను. 1969లో బెజవాడ-సికిందరాబాదుల నడుమ మొదలైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఆవిరి బండ్లలోకెల్ల వేగవంతమైనదని దేశమంతట పేరుపొందుట మనకందరకును గర్వకారణమే. అయినను నేడు నలుబది, ఏబది యేండ్ల ప్రాయమున నున్న తెలుగువారిలో అధికుల బాల్యమున కూసినది డీజిలు కూతయే గాని ఆవిరి కూత కాదు. ఒక తరము స్మృతిని చరిత్రయనియు, దాని తరువాతి తరము స్మృతిని తుక్కనియు నిర్ణయించు అధికారము ఎవరికిని లేదు.

ఇక్కడ ఒక పూర్వోదాహరణమును జ్ఞాపకము చేయవలసియున్నది. ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియమునకు 1971 అక్టోబరులో శంకుస్థాపన చేసినవారు ఆనాటి రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి గారు. ఆయన బరంపురమున పుట్టిన తెలుగువారు. బెంగాలు-నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచి 1928 నాటి సమ్మెను నడపిన కార్మిక నాయకులు. ఆ మ్యూజియము 1977 ఫిబ్రవరిలో ప్రజలకు తెరువబడినది. ఈ తేదీలలో గమనింపదగిన విషయమొకటి కలదు. 1971 నాటికి చిత్తరంజనులో ఆవిరి యింజనుల నిర్మాణ మింకను పూర్తిగా నిలిచిపోలేదు. దేశములో వేలకొలది ఆవిరి యింజనులు ప్రతిదినమును బండ్లను లాగుచునే యున్నవి. అనగా ఒక యుగము అస్తమించిన తరువాత గాక, అస్తమించుచుండగనే దానిని కాపాడవలయునని నాటివారు తలచిరి. నడపగలవారు, బాగుచేయగలవారు, విడిభాగములు అన్నియు నుండగనే వారు మేల్కొనిరి. నేడు డీజిలుకు సరిగా ఆ ఘడియయే వచ్చియున్నది. రైలుమార్గముల విద్యుదీకరణము దాదాపు ముగిసినది. డీజిలు షెడ్లు ఒకటొకటిగా విద్యుత్ ఇంజనులను సాకుచున్నవి. వారణాసి కర్మాగారము సైతము 2020లో తన పేరునుండి డీజిలు పదమును తొలగించుకొని బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయినది. నాటివారి దూరదృష్టిని పొగడుచు, అదే దూరదృష్టి నేడు మనకు పనికిరాదనుట యే న్యాయము?

ఇప్పుడు దిమ్మె సంగతికి వత్తును, వివాదమునకు మూలమిదియే. దిమ్మెపై నిలిపిన ఇంజను భద్రముగా నున్నదని సామాన్యుడు భ్రమపడుట సహజము. కదలనిదానికి అరుగుదల లేదు గదా యని యతని తలంపు. కాని డీజిలు ఇంజనునకు కదలకుండుటయే వ్యాధి. సిలిండరు లైనరులపై నుండవలసిన నూనెపొర నెలలు గడచుకొలది క్రిందికి జారిపోవును. పిస్టను రింగులు లైనరునకు తుప్పుతో నంటుకొనును. నీటిగొట్టముల రబ్బరు సీళ్లు ఎండి పగులును. ట్యాంకులో మిగిలిన డీజిలు జిగురుగా మారి పంపులను, నాజిళ్లను బిగియగట్టును. ట్రాక్షను మోటార్ల చుట్లకు తేమ పట్టి ఇన్సులేషను చెడును. బేరింగులు ఒకే చోట బరువు మోసి మోసి అచ్చటనే గుంటపడును. బందరు సముద్రపు ఉప్పుగాలియు, కృష్ణ తేమయు నిరంతరము వీచు మన డెల్టాలో ఈ వ్యాధి యెంత వేగముగా ముదురునో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంతకంటె బాధాకరమైన విషయ మింకొకటి కలదు. దిమ్మె యెక్కించుటకు ముందు, పనికివచ్చు బ్యాటరీలను, మోటార్లను, పంపులను, గేజీలను విప్పుకొనుట మామూలు. తలుపులు వెల్డింగు చేయుదురు. ఖాళీపెట్టెకు నీలమో ఎరుపో పూసి, ప్రక్కన ఒక ఫలకము నాటుదురు. పిల్లవాడు వచ్చి దానిని చూచి, ఫలకముపై నున్న అంకెలను చదివి, దాని ముందు ఫొటో తీయించుకొని పోవును. ఆ యింజను ఎట్లు నడచినదో, దానిని నడపినవారును బాగుచేసినవారును ఏమేమి యెరుగుదురో, ఆ ఫలకము వానికి చెప్పజాలదు.

వారెరిగినదేమో ఒక చిన్న యుదాహరణము చేత చూపెదను. చాలదినములు నిలిచియున్న ఆల్కో ఇంజనును స్టార్టు చేయవలసినప్పుడు తెలిసిన ఫిట్టరు వెంటనే బటను నొక్కడు. ముందు నూనె కొలకర్రను, నీటి గాజుగొట్టమును చూచును. పిమ్మట ప్రతి సిలిండరునకును గల డీకంప్రెషను ప్లగ్గును విప్పి, ఇంజనును చేతిబలముతో మెల్లగా త్రిప్పించును. సిలిండరు తల పగిలియో, లైనరు సీలు కారియో నీరు లోపల చేరియున్నచో, ఆ రంధ్రముల నుండి చిమ్ముకొనివచ్చును. ఈ పని చేయక త్వరపడినచో, నీరు నొక్కుడు పడదు గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోవును, ఒక్కొక్కప్పుడు ఇంజను దిమ్మయే పగులును. ఒక్క క్షణపు తొందరకు నెలల శ్రమ ఫలము. ప్లగ్గులను మరల బిగించిన పిదప డీజిలు పంపును నడిపి ఒత్తిడి చూచుకొని, అప్పుడు గదా బ్యాటరీల శక్తితో మెయిన్ జనరేటరునే మోటారుగా త్రిప్పి ఇంజనును మేల్కొలుపుదురు. నిమిషమునకు నాలుగు వందల చుట్ల ఐడిలు వేగమున ఆ యింజను సాగించు దడదడ ధ్వనిని వినియే, ఏ సిలిండరు సరిగా మండుటలేదో చెప్పగలవారు మన షెడ్లలో నుండిరి, ఇంకను కొందరు కలరు. ఇంజనును ఆపిన పిమ్మట టర్బో ఎంతసేపు తిరిగి నిలుచునో చెవియొగ్గి లెక్కపెట్టుదురు. నిమిషమున్నరకు తక్కువైనచో దాని బేరింగులను శంకింపవలెను. నూనెబొట్టును అద్దుడు కాగితముపై వేసి, అది వ్యాపించిన తీరునుబట్టి నూనె ఆయుర్దాయము నెంచుదురు. ప్రయోగశాలలో ఆ నూనెయందు సోడియము జాడ కనబడిన కూలింగు నీరు లోపలికి కారుచున్నదనియు, రాగి, సీసము పెరిగిన బేరింగు అరుగుచున్నదనియు గ్రహింతురు. ఇవి గ్రంథములలో లేవని నేననను, మాన్యుయళ్లలో నున్నవి. కాని చెవికిని, వ్రేలికిని అలవడిన పరిజ్ఞానము మాన్యుయలు చదివినంతమాత్రమున రాదు. నడచు ఇంజను ఒక్కటైన లేనిదే దానిని మరియొకరికి నేర్పుట యసాధ్యము. ఆవిరి యింజను ప్రక్కన నిలుచుండిన వానికి కడ్డీలు, చక్రములు, పిస్టనుల కదలిక కంటికి కనబడును. డీజిలులో సర్వమును తలుపుల వెనుక దాగియుండును. కావున ఆవిరి యింజను నిలిచియున్నను కొంత చెప్పును గాని, నిలిచిపోయిన డీజిలు ఇంజను ఏమియు చెప్పదు. డీజిలుకు దిమ్మె చాలునను వాదము ఈ కారణముచేతనే తలక్రిందులైనది.

నడుపుట యనగా నెలకొకసారి స్టార్టు చేసి పొగ విడిచి ఆపుట యని కొందరు తలంతురు, ఇదియు పొరపాటే. బరువు లేకుండ ఐడిలులో గంటల తరబడి నడచిన డీజిలు ఇంజనులో ఇంధనము పూర్తిగా మండక, నూనె పొగగొట్టములోనికి చేరి, మసి పేరుకొనును. నీరు తగినంత వేడెక్కువరకు, సిలిండరులకు పని తగులువరకు, దానిచే బరువు లాగింపవలెను. పట్టాలపై వీలుకాకున్న లోడుబాక్సు పెట్టి పరీక్షింపవలెను. కనుక వారసత్వ ఇంజనుకు ఆవరణము చాలదు; షెడ్డు, క్రింద దిగి చూచుటకు పిట్టు, నడచుటకు కొంత మార్గము కావలయును.

విడిభాగములు దొరకవను ఆక్షేపణ పైకి బలమైనదిగా తోచును. కాని బెజవాడలో నిలుచుండి ఈ మాట పలుకువారు ఒక్క పూట ఆటోనగరు వీథులలో నడచిరావలెనని కోరెదను. లారీ బాడీలు కట్టు షెడ్లు, కమానుకట్టలు సరిచేయు కొలుములు, బోరింగు యంత్రములు, క్రాంకు గ్రైండింగు దుకాణములు, రేడియేటరులు అతుకువారు, డైనమో చుట్లు చుట్టువారు, పంపు-నాజిల్ పనివారు, ప్రాత సామాను కొట్లు అచ్చట బారులు తీరియున్నవి. కంపెనీవాడు ఎన్నడో మానివేసిన భాగమును, అరిగిన నమూనా నొక్కదానిని చేతబట్టుకొని, కొలతలు తీసి, లేతుపై మరల పుట్టించుట అచ్చటివారికి నిత్యకృత్యము. ఆల్కో ఇంజను నాజిలు చదరపంగుళమునకు సుమారు నాలుగు వేల పౌనుల ఒత్తిడిపై తెరుచుకొనవలెను. లారీ నాజిళ్లను ప్రతిదినము పరీక్షించు పనివానికి ఆ పరీక్ష వింత కాదు, పరిమాణము మాత్రమే పెద్దది. రబ్బరు సీళ్లు, రాగి వాషరులు, నీటిగొట్టములు, బుష్షులు, రేడియేటరు అతుకులు, బ్రేకు సిలిండరుల కప్పులు, కిటికీ చట్రములు, తలుపు కీళ్లు, తీగల మార్పిడి, ఇవన్నియు ఆటోనగరు చేతులకు అందునవే. అయితే సత్యమును మరుగుపరచుట నా యుద్దేశము కాదు. క్రాంకుషాఫ్టు, టర్బో, గవర్నరు, ట్రాక్షను మోటారు వంటివి ఏ వీథి దుకాణమునందును పుట్టవు. అవి రైల్వే స్టోరులలో నుండి రావలెను. నేడు ఆ స్టోరులలో నున్నవి, రేపు వేలములో తుక్కు క్రింద పోవును. విడిభాగములు లేవని విచారించువారే వానిని అమ్మివేయుటకు సమ్మతించుచున్నారు. ఒక్క ఇంజనును ముప్పది యేండ్లు నడపుటకు కావలసిన సిలిండరు తలలు, లైనరులు, పిస్టనులు, ఇంజెక్షను పంపులు, ఒకటి రెండు టర్బోలు ఎన్ని? ఒక గోదాములో ఒక మూలకు చాలవు. ఆ మూలను కేటాయింపక, కొరత యున్నదని చెప్పుట ఫలితమును కారణముగా చూపుటయే.

ఇట్లు భాగములను మార్చుచు పోయినచో అది ప్రాత ఇంజనే కాదనియు, దాని ప్రామాణ్యము చెడుననియు మ్యూజియపు పండితులు కొందరు వాదింతురు. వీరి చిత్తశుద్ధిని నేను శంకింపను. వీరికి మన దేవాలయపు రథమును చూపి సమాధానము చెప్పెదను. మంగళగిరి నరసింహస్వామి రథమునకు ఏ దూలము ఏనాటిదని ఎవరడుగుదురు? చక్రము అరిగిన చక్రమును, ఇరుసు పగిలిన ఇరుసును మార్చుచు, ఏటేట వీథిలో లాగుచు వచ్చుటచేతనే అది రథముగా నిలిచియున్నది. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము దగ్ధమైనది. మరుసటి సంవత్సరపు రథోత్సవము నాటికి క్రొత్త రథము సిద్ధమైనది. కాష్ఠము సర్వము బూడిదయైనను రథము మరల లేచుటకు కారణము, రథము కట్టు విద్య గలవారు సజీవులై యుండుట. ఆ విద్యయే నశించి రథము మాత్రము గాజుగదిలో నుండినచో, నిప్పంటుకొన్ననాడు మిగులునది శూన్యమే. ఆల్కో ఇంజను విషయమునను నేను కోరునది ఇదియే. మ్యూజియము వారు వస్తువును కాపాడగోరుదురు. నేను వస్తువుతోబాటు దానిని మరల నిలువబెట్టగల చేతిని కాపాడగోరుదును. ఏ భాగమును ఎప్పుడు, ఎందుకు మార్చిరో ఒక పుస్తకమున వ్రాసి యుంచి, తొలగించిన అసలు భాగమును పారవేయక లేబిలు కట్టి బీరువాలో నుంచినచో, ప్రామాణ్యవాదులకును కొరత యుండదు.

డీజిలు పొగ వాతావరణమును చెరచుననియు, విద్యుద్యుగమున దానిని పూజించుట ప్రగతికి విరుద్ధమనియు ఆక్షేపించువారు కలరు. బండ్లను డీజిలుతోనే లాగవలెనని నేననుట లేదు. డెల్టాలో తీగలు పడుట మేలే. విజ్ఞాపన యొక్కటే: ఏడాదికి కొన్ని దినములు, కొన్ని గంటలు మాత్రము నడచు ఒక్క యింజను పొగను, వేలకొలది ఇంజనులు అహోరాత్రము విడిచిన పొగతో సమానముగా తూచుట తర్కము కాదు. మరియు తుపానులకు నెలవైన మన తీరమున, గాలికి స్తంభములు కూలి తీగలు తెగినప్పుడు మార్గమును తెరచుటకు వచ్చునది నేటికిని డీజిలింజనే. ఇందుకే విద్యుదీకరణము ముగిసినను రైల్వేవారు కొన్ని డీజిలు ఇంజనులను అత్యవసరమునకై నిలుపుకొనక తప్పుట లేదు. ఆ కొలదివానిని బాగుచేయుటకైనను ఆ విద్య కావలెను గదా.

ధనము మాట మిగిలినది. ఇతర దేశములు ధనికములు గనుక వానికి చెల్లుననుట పరిపాటి. ఇంగ్లండులో డెల్టిక్ అను డీజిలు ఇంజనులు ఇరువది రెండు మాత్రమే యుండెను. 1982 జనవరి 2వ తేదీన వాని సేవ ముగిసినది. ఆవిరి యభిమానులు డీజిలును చిన్నచూపు చూచు ఆ దేశముననే, సామాన్యులు కొందరు చందాలు వేసికొని సంఘముగా నేర్పడి, ఆ యింజనులను తుక్కు కాకుండ కొనిరి. ఆ జాతిలో ఆరు నిలిచినవి. వానిలో ఒకటి 1996లో మరల ప్రధాన మార్గముపై బండి లాగినది. అచ్చట పని చేసినది ప్రభుత్వపు ధనము కాదు, సెలవుదినమున స్పానరు పట్టినవారి చేతులు. ధనిక దేశపు మాట వలదన్నచో మన పొరుగున నున్న శ్రీలంకను చూడుడు. కొలంబో పథకము క్రింద కెనడా సమకూర్చిన ఎం2 తరగతి డీజిలు ఇంజనులు 1954 మొదలు అచ్చట నడచుచున్నవి; అల్బర్టా, ఒంటారియో యని కెనడా రాష్ట్రముల పేళ్లను మోయుచు, వానిలో కొన్ని ఏడు దశాబ్దముల పిదపను బండ్లను లాగుచునే యున్నవి. ధనికమని ఎవరును చెప్పని దేశమున, ఏ మ్యూజియమును లేకుండగనే, కేవలము శ్రద్ధగల మరమ్మతు చేత అవి బ్రతికినవి.

రక్షించితిమను తృప్తితో వదలివేసిన దాని గతి యెట్లుండునో చూడవలెనన్న రాజమహేంద్రవరము పోవుడు. 1900లో ప్రారంభమై 1997 వరకు సేవచేసిన హేవలాకు వంతెన తుక్కు కాకుండ ప్రజల పట్టుదలచే నిలిచినది, అది ఘనకార్యమే. కాని నిలిచిన తరువాత దానితో ఏమి చేయవలెనను ప్రశ్నకు ప్రణాళికల మీద ప్రణాళికలు వచ్చుచుండగా, ఏండ్ల కొలది అది గోదావరిపై తుప్పుపట్టుచు నుండినది. అమ్మకపోవుట వేరు, కాపాడుట వేరు. వంతెన రాతికంబములపై నిలిచియుండి కొంతకాలము ఓర్చుకొనగలదు; పదునారు సిలిండరుల యంత్రము అంత ఓర్పు గలది కాదు.

కావున నేను కోరునది స్పష్టముగా చెప్పెదను. తుక్కు జాబితాకు ఎక్కక మిగిలిన ఆల్కో ఇంజనులలో ఒకదానిని, సాధ్యమైనచో డబ్ల్యూడీఎం-2 గానే మిగిలినదానిని, లేకున్న డబ్ల్యూడీఎం-3ఏ గా మారినదానిని మారిన రూపముననే, బెజవాడకు కేటాయింపవలెను. దానిని ఏ కూడలి యందును దిమ్మె యెక్కింపరాదు. పని జరుగు షెడ్డులో ఒక పిట్టు లైనును దానికి విడువవలెను. విశ్రాంతి పొందిన ఫిట్టరులను, ఎలక్ట్రీషియనులను గౌరవవేతనముతో పిలిచి, ఐటీఐ విద్యార్థులను, ఆటోనగరులో పని నేర్చుకొనుచున్న కుర్రవాండ్రను వారి చేతిక్రింద నుంచవలెను. లేతుపని, పంపు-నాజిల్ పని, రేడియేటరు పని ఆటోనగరు దుకాణములకే అప్పగింపవలెను. ఆ పనికి వారి పేరు ఇంజను చరిత్రపుస్తకమున చేరవలెను. సిలిండరు తలల పగులును ఎట్లు గుర్తింతురో, గవర్నరును ఎట్లు సరిచేయుదురో, ఐడిలు ధ్వనిలో లోపము నెట్లు విందురో, ఆ వృద్ధుల నోటనే చెప్పించి, ధ్వనితోను చిత్రముతోను భద్రపరుపవలెను. ఏటికి కొన్ని సార్లు గుడివాడ మీదుగా మచిలీపట్నమునకు, నాలుగైదు పెట్టెలతో, టికెట్టు పెట్టి నడపవలెను. ఖర్చులో కొంత భాగము ఆ టికెట్టే యిచ్చును. సందర్శకుని పిట్టులోనికి దింపి, ఇంజను పొట్టను క్రిందినుండి చూపవలెను. రంగును చూచుటకై అతడు రానక్కరలేదు.

ఇందులో విద్యార్థుల మాటను, టికెట్టు మాటను ఒక యేడాది ఆలస్యముగా తలపెట్టినను పెద్ద నష్టము లేదు. ఆలస్యమునకు తావులేనివి రెండే. ఒకటి, స్టోరులలోని ఆల్కో విడిభాగములు వేలపు చీటీ యెక్కకముందే ఒక్క ఇంజనుకు సరిపడినన్ని వేరుచేసి తాళము వేయుట. రెండవది, ఈ యింజనులపై చేతులు మసిచేసికొన్న చివరి తరము ఫిట్టరులలో ఈ యేడాది పదవీవిరమణ చేయువారి యిండ్లకు మనిషిని పంపి, వారు చెప్పునది వ్రాసికొనుట. మొదటిదానికి రైల్వేవారి యుత్తరువు ఒక్కటి చాలును. రెండవదానికి ఉత్తరువు సైతము అక్కరలేదు. ఆటోనగరు పనివారల సంఘములలో ఏదైన ఒకటి రేపు ఉదయమే ఆరంభింపవచ్చును.